విప్పరాని కట్టు

వీరమెరకలో గుబ్బల అబ్బులు కొబ్బరికాయలు ఒలిచే వేగం చూసి, వ్యాపారులు తమ కొట్టుకి రమ్మంటే తమ కొట్టుకి రమ్మని పోటీలు పడేవారు. నేలలో నిలువుగా పాతిన గునపం మీద కాయను గుచ్చి ఒక్క తిప్పు తిప్పాడంటే డొక్క ఒక పక్కకీ, కాయ ఒక పక్కకీ పడవలసిందే. అటువంటివాడు ఒక వానాకాలం పొద్దున తడిసిన డొక్కల మీద జారి, తన గునపం మీద తనే ఎడమ పాదం వేశాడు.

తోటివాళ్లు ఆటోలో ఏరియా ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆ రోజు అంతా సవ్యంగానే జరిగింది. హెడ్ సిస్టరు గ్రేసమ్మ గాయం కడిగింది. డాక్టరు కుట్లు వేశాడు. మెత్తగా, తెల్లగా కట్టు కట్టి, తడి తగలనివ్వొద్దనీ, రెండు మూడు రోజులు పోయాక వస్తే కట్టు మారుస్తామనీ చెప్పి పంపించారు. అబ్బులు కుంటుకుంటూ ఇల్లు చేరి, మంచం ఎక్కి, తిరిగి వెళ్లేలోగా ఆసుపత్రిలో శకం మారిపోయింది.

సంగతేమిటంటే, ఆసుపత్రుల్లో ఒకరి జబ్బు ఇంకొకరికి అంటకుండా చూడబోతే చెత్త పెరిగిపోతోందని పైవాళ్లకు బెంగ పట్టుకుంది. బెంగలో తప్పు లేదు. చీమూ నెత్తురూ అంటిన దూది, గుడ్డ, చేతితొడుగులు అన్నీ పసుపు సంచుల్లో కట్టి, వ్యానులో ఎక్కడికో తీసుకుపోయి పెద్ద కొలిమిలో కాలుస్తారు. ఆ పొగ పీల్చి కొలిమి పక్క ఊరివాళ్లు మళ్లీ ఆసుపత్రికే వస్తారు. దీన్ని ఆపాలని పైవాళ్లు ఆలోచించి ఆలోచించి, 'పర్యావరణహిత సంక్రమణ నియంత్రణ పథకం' అని ఒకటి పెట్టారు. ప్రతి ఆసుపత్రి గేటు దగ్గరా కాటా పెడతారు. పసుపు సంచులు అక్కడే తూస్తారు. సేవలు ఎక్కువ చేసి, సంచుల బరువు తక్కువ చూపించిన ఆసుపత్రికి పురస్కారం. అట్టడుగున నిలిచిన ఆసుపత్రి సూపరింటెండెంటుకు ఏజెన్సీ కొండల మీదికి బదిలీ.

ఏరియా ఆసుపత్రి సూపరింటెండెంటు వేదుల సోమయాజులు గారికి కొండలంటే పడదు. మోకాళ్ల నొప్పులు. అందుకని ఆయన సర్క్యులరును ఒకటికి పదిసార్లు చదివారు. చదవగా చదవగా ఆయనకు అందులోని రహస్యం బోధపడింది. చెత్త ఎక్కడ పుడితే అక్కడి లెక్కలో పడుతుంది. మరి చెత్త ఎప్పుడు పుడుతుంది? కట్టు కట్టినప్పుడు పుట్టదు. అప్పుడది వైద్యం. విప్పినప్పుడే పుడుతుంది.

అబ్బులు వెళ్లేసరికి గేటుకి మామిడాకులు కట్టి ఉన్నాయి. కాటాకు పసుపు రాసి బొట్టు పెట్టి ఉంది. లోపల గ్రేసమ్మ అతని కాలిని ఎంతో ఆప్యాయంగా చూసింది గానీ, ముట్టుకోలేదు. కట్టు మార్చమని అడిగితే, మారుస్తాం గానీ పాతది మాత్రం విప్పం అని చెప్పింది. అబ్బులుకి అర్థం కాలేదు. గ్రేసమ్మకి కూడా అంతగా అర్థమైనట్టు లేదు. ఇద్దరూ కలిసి సోమయాజులు గారి గదికి వెళ్లారు.

సోమయాజులు గారికి పథకం వచ్చిన నాటి నుంచీ మాట తీరు కూడా సర్క్యులరు తీరులోకి మారిపోయింది. ఆయన అబ్బులుని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని, "కట్టు కట్టుట సేవ. కట్టు విప్పుట వ్యర్థోత్పత్తి. ఈ రెండింటి మధ్య గల వ్యత్యాసమును ప్రజలు గ్రహించవలసి ఉన్నది" అన్నారు.

"మరి ఇప్పకుండా కొత్త కట్టు ఎక్కడ కడతారండి?" అన్నాడు అబ్బులు.

"పైన."

అలా పాత కట్టు మీద కొత్త కట్టు పడింది. అబ్బులు వచ్చినప్పుడల్లా ఇంకొకటి పడింది. సేవల పట్టికలో గీత మీద గీత చేరింది. కాటా ముల్లు మాత్రం ఉన్న చోటి నుంచి కదలలేదు.

లోపల కాలు పోటు పెడుతోందనీ, దురద పుడుతోందనీ, రాత్రిళ్లు నిద్ర ఉండడం లేదనీ అబ్బులు మొరపెట్టుకున్నాడు. చీము పట్టిందేమోనని తన భయం. సోమయాజులు గారు ఓపిగ్గా విన్నారు. ఈ నెల తమ ఆసుపత్రిలో చీము పట్టిన కేసు ఒక్కటి కూడా లేదనీ, పథకం మొదలయ్యాక సంక్రమణలు సున్నాకి దిగిపోయాయనీ, ఇది రాష్ట్రంలోనే తొలిసారి అనీ ఆయన చెప్పారు. అబద్ధం కాదు. ఎవరి కట్టూ విప్పలేదు కాబట్టి ఎవరికీ చీము కనబడలేదు. కనబడని చీము నమోదుకు అర్హం కాదని సర్క్యులరులో స్పష్టంగా ఉంది.

"వాసనొత్తందండి" అన్నాడు అబ్బులు తల వంచుకుని.

సోమయాజులు గారు రెండు కాగితాలు తిప్పి చూసి, వాసనకు ఇందులో గడి లేదన్నారు.

అబ్బులు భార్య సీతారత్నం ఊరుకునే మనిషి కాదు. ఇదంతా ఆ ఒక్క ఆసుపత్రి పిచ్చి అయి ఉంటుందనుకుని, మొగుణ్ణి బస్సెక్కించి జిల్లా పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ ఒక కుర్ర డాక్టరు కట్టుని వేళ్లతో నొక్కి, వెలుగులో పెట్టి చూసి, ఈ గుడ్డ నేత తమది కాదని తేల్చాడు. కట్టినవారే విప్పాలి, పరాయి ఆసుపత్రి కట్టు విప్పితే పరాయి చెత్త తమ కాటా మీద పడుతుంది, ఈసారి పురస్కారం తమకే రాబోతోంది అన్నాడు. అయితే ఇంత దూరం వచ్చిన రోగికి సేవ చేయకుండా పంపడం కూడా నేరమేనట. అందుకని వాళ్లూ పైన ఒక కట్టు కట్టారు. వాళ్ల గుడ్డ నిజంగానే కొంచెం మెరుగ్గా ఉంది.

తిరుగు ప్రయాణంలో బస్సులో అబ్బులు కాలికి ఒక సీటు కావలసి వచ్చింది. కండక్టరు పోట్లాడబోయి, దగ్గరికొచ్చి, వాసన తగిలి వెనక్కి పోయాడు.

పట్నంలో ప్రైవేటు డాక్టర్లనూ అడిగి చూశారు. వాళ్లకు విప్పడానికి అభ్యంతరం లేదు. కానీ వాళ్ల చెత్తను తీసుకుపోయేదీ ఆ వ్యానే. ఏ ఆసుపత్రి ముద్రా లేని కట్టుని వ్యానువాడు ఎక్కించుకోడు. కావాలంటే పైన ఇంకొకటి కడతామన్నారు. దానికి మాత్రం డబ్బు తీసుకుంటారట.

ఈలోగా అబ్బులు పాదం పనసకాయంత అయింది. గుమ్మంలోంచి తిన్నగా దూరడం లేదు. పక్కకి తిరిగి, ముందు కాలుని పంపి, దాని వెనక తను వెళ్లాలి. పని లేదు. కొబ్బరి కొట్టువాళ్లు మొదట్లో పాపం అన్నారు గానీ, కాయలకి వాసన అంటుకుంటుందేమోనని తరవాత అటు రావద్దన్నారు. ఎందరో పిలిచిన మనిషిని ఎవరూ పిలవకపోవడం అబ్బులుకి కాలి పోటు కన్నా ఎక్కువ బాధ పెట్టింది.

ఒక సాయంత్రం సీతారత్నం ఇంక తాళలేక కత్తెర పట్టుకుని మంచం పక్కన కూర్చుంది. సరిగ్గా అప్పుడే వాకిట్లో జీపు ఆగింది.

వచ్చినాయన కాలుష్యం లెక్కలు చూసే ఇన్‌స్పెక్టరు. ఆసుపత్రులు కొన్న గుడ్డ, దూది బారెడు ఉంటే, పారేసినది మూరెడు కూడా లేదని ఆయన కార్యాలయం కనిపెట్టింది. మిగిలినదంతా ఏమైంది అని ఆరా తీయగా, అది రోగుల కాళ్ల మీదా చేతుల మీదా ఊళ్లలో తిరుగుతోందని తేలింది. అన్నిటికన్నా పెద్ద నిల్వ వీరమెరకలో ఉందని ఆయనకు కబురందింది.

ఆయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "తమ గృహమునందు అనుమతి లేకుండా సంక్రమణ వ్యర్థము నిల్వ ఉంచినట్లు సమాచారం" అన్నాడు.

"ఇంట్లో లేదండి. నా కాలికుందండి" అన్నాడు అబ్బులు.

"కాలు ఎక్కడ ఉన్నది?"

"ఇంట్లోనే ఉందండి."

ఇన్‌స్పెక్టరు తల పంకించి రాసుకున్నాడు. తరవాత అబ్బులు కాలుని తాత్కాలిక నిల్వ కేంద్రంగా ప్రకటించి, దాని మీద పసుపుపచ్చ కాగితం అంటించాడు. కాగితం మీద ఒక భయంకరమైన గుర్తు ఉంది. నిల్వ కేంద్రం కాలువకీ చెరువుకీ బడికీ నూరు గజాల ఎడంలో ఉండాలన్నాడు. కోనసీమలో కాలువకి అంత ఎడంగా ఉండాలంటే కొబ్బరిచెట్టు ఎక్కి కూర్చోవాలి. కుంటికాలితో అదీ కుదరదు. మొత్తానికి పెరట్లో అరటిబోదెల అవతల ఒక మూలని టేపుతో కొలిచి, పగలంతా అక్కడే ఉండేట్టు ఏర్పాటు చేశాడు.

సీతారత్నం చేతిలో కత్తెర ఇంకా అలాగే ఉంది. ఇన్‌స్పెక్టరు దాన్ని చూశాడు. ఇంట్లో విప్పితే, విప్పిన మరుక్షణం నుంచి ఆ ఇల్లు చట్టం దృష్టిలో ఆసుపత్రి అవుతుందని హెచ్చరించాడు. అప్పుడు కాటా పెట్టాలి, పసుపు సంచులు పెట్టాలి, వ్యానుతో ఒప్పందం కుదుర్చుకోవాలి, బాధ్యుడైన సూపరింటెండెంటు ఉండాలి.

జీపు వెళ్లాక సీతారత్నం కత్తెర చూరులో దోపేసి, "ఇప్పుడు సూపరింటెండెంటుని నేనెక్కణ్ణుంచి తెచ్చేదయ్యా" అంది. ఆ మాట అంటూనే ఏడ్చింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ ఏడవడం అబ్బులు చూడలేదు. అతనికి మొదటిసారి నిజంగా భయం వేసింది. కాలు తీసేయవలసి వస్తుందేమో అనుకున్నాడు. ఆ వెంటనే, కాలు తీస్తే ఆ చెత్త మాత్రం ఎవరు ఒప్పుకుంటారు అని కూడా అనుకున్నాడు.

ఇలా ఉండగా పురస్కారం ఏరియా ఆసుపత్రికే వచ్చింది. పెద్దాసుపత్రి చివరి వారంలో ఓడిపోయింది. అక్కడ ఒకావిడకి కాన్పు జరిగిందట. ఎంత నచ్చజెప్పినా మాయ కడుపులో ఉంచుకోవడానికి ఆవిడ ఒప్పుకోలేదు.

సభకి అబ్బులుని కూడా తీసుకురమ్మని కబురొచ్చింది. స్ట్రెచర్ మీద వేదిక ఎక్కించి, కాలుని జనానికి కనబడేట్టు ఒక బల్ల మీద పెట్టారు. ఆదర్శ హరిత రోగి అని పేరు చదివారు. రాజధాని నుంచి వచ్చిన కమిషనరు గారు చాలాసేపు మాట్లాడారు. "వ్యర్థమును పారవేయుట పాత విధానం. వ్యర్థమును ప్రజలకు చేరువ చేయుట నూతన విధానం. ఈ పౌరుడు తన పాదమునే ప్రకృతికి అంకితం గావించినాడు" అన్నారాయన. జనం చప్పట్లు కొట్టారు. వాళ్లలో కొందరు చేతికి కట్లు ఉండడం వల్ల బల్లల మీద కొట్టారు.

అబ్బులు చేతికి మైకు ఇచ్చి రెండు మాటలు చెప్పమన్నారు.

"నాకేం వొద్దండి. దీన్ని ఇప్పేయండి చాలు" అన్నాడతను.

కమిషనరు గారు దాన్ని వినయం కింద తీసుకుని, శాలువాని కాలికి కప్పారు. కప్పిన శాలువా కట్టు కిందికి వస్తుందా రాదా అని గ్రేసమ్మ సోమయాజులు గారిని చెవిలో అడిగింది. ఆయన ఆలోచించి, వస్తుంది, సేవల్లో రాసెయ్ అన్నారు.

అబ్బులుకి దారి చూపించింది చివరికి సీతారత్నమే. వాళ్ల గేదెకి గిట్ట పుండు పడితే ఆవిడ పశువుల ఆసుపత్రిలో కట్టు కట్టించి, దాన్ని మార్పించడానికి మళ్లీ తోలుకుపోయింది. అక్కడి డాక్టరు మస్తాన్‌వలీ గారు గేదె కాలి కట్టుని చరచరా కత్తిరించి, పక్కనున్న గోతిలో పారేసి, సున్నం చల్లించి, చేతులు కడుక్కున్నారు. సీతారత్నం నోరు తెరుచుకుని చూసింది. కట్టు విప్పే మనిషిని చూసి ఆవిడకి చాలా రోజులైంది. ఆరా తీస్తే, పథకం మనుషుల ఆసుపత్రులకే గానీ పశువుల దవాఖానాలకు ఇంకా రాలేదని తెలిసింది. ఆవిడ ఇంటికొచ్చి గేదెని కట్టేసి, మొగుణ్ణి రిక్షాబండి మీద వేయించుకుని మళ్లీ బయలుదేరింది.

మస్తాన్‌వలీ గారు కాలునీ, శాలువానీ, పసుపు కాగితాన్నీ ఒక్కొక్కటిగా చూశారు. తరవాత, మనిషికి వైద్యం చేస్తే తన ఉద్యోగం పోతుందని నెమ్మదిగా చెప్పారు. సీతారత్నం ఏమీ బతిమాలలేదు. పక్కకి తిరిగి నిలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. ఆయన మరికాసేపు ఆ కాలుని చూశారు.

"మనిషికి చెయ్యనమ్మా. మీ గేదె ఉంది కదా. దానికి చేస్తాను" అన్నారు.

కాంపౌండరు కంప్యూటరు తెరిచాడు. పశువు చెవి బిళ్ల నంబరు కొడితే గానీ అది ముందుకి కదలదు. సీతారత్నం తమ గేదె నంబరు చెప్పింది. జాతి, రంగు అన్నీ వాటంతట అవే వచ్చాయి. ఏ కాలు అని అడిగింది కంప్యూటరు. ఎడమ కాలు అన్నాడు అబ్బులు. ముందుదా వెనకదా అని అడిగింది. అబ్బులు తన కాళ్ల వంక చూసుకుని, చేతులు ముందుంటాయి కాబట్టి వెనకదే రాయమన్నాడు.

మస్తాన్‌వలీ గారు విప్పడం మొదలుపెట్టారు. శాలువా, పెద్దాసుపత్రి గుడ్డ, వాటి కింద ఏరియా ఆసుపత్రి పొరలు. అన్నీ ఊడదీసేసరికి పక్కన పెద్ద గుట్ట తేలింది. అన్నిటికన్నా అడుగున, తెల్లగా పాలిపోయి, ముడతలు పడి, అబ్బులు పాదం బయటపడింది. కుట్ల దగ్గర చీము పట్టింది గానీ లోపలికి దిగలేదు. ఆయన కడిగి, కుట్లు తీసి, పుండు మీద మందు రాసి, ఇంజెక్షనుకి మాత్రం చీటీ మీద పేరు రాసి బయట మనుషుల కాంపౌండరు చేత చేయించుకోమన్నారు. అబ్బులు కాలి వేళ్లు కదిపి చూసుకున్నాడు. అయిదూ కదిలాయి. వాటి మీద గాలి తగులుతుంటే అతనికి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఏం నొప్పిగా ఉందా అని డాక్టరు గారు అడిగారు. లేదండి, బాగుందండి అన్నాడు.

ఇటువంటి కబురు దాగదు. మర్నాటి నుంచీ పశువుల దవాఖానా ముందు బారులు కట్టారు. చేతులకి కట్లు, తలలకి కట్లు, మోకాళ్లకి కట్లు. నంబరు చదివించాలి కాబట్టి ప్రతివాళ్ల వెనకా ఒక పశువు. పశువు లేనివాళ్లు ఇరుగుపొరుగు వాళ్లనడిగి తెచ్చుకున్నారు. కొబ్బరి కొట్టువాళ్లు కూడా అబ్బులు ఇంటికొచ్చి, ఒక్కసారి గేదెని ఇప్పించమన్నారు. అతను కాదనలేదు. గేదెకి మాత్రం తన మీద ఇంత వైద్యం జరుగుతున్నట్టు తెలియదు. అది బారులో నిలబడి నెమరు వేసుకునేది.

ఏరియా ఆసుపత్రిలో మనిషి అలికిడి లేకుండా పోయింది. గచ్చు అద్దంలా మెరిసింది. రెండో ఏడు పురస్కారం కూడా తమదేనని సోమయాజులు గారు గది గోడకి మేకు కొట్టించుకున్నారు. మొదటి ఏటి పురస్కారం గాజుతో చేసిన పెద్ద ఆకు. కొలత చూద్దామని దాన్ని ఆ మేకుకి తగిలించబోతుంటే ఆకు అంచు తగిలి ఆయన చూపుడువేలు తెగింది.

గ్రేసమ్మ పరుగెత్తుకొచ్చి కట్టు కట్టింది. నాలుగు రోజులు పోయాక ఆయన విప్పమన్నారు. ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకుంది. విప్పితే కాటా మీద వేయాలి, వేస్తే సున్నా పోతుంది, పోతే కొండలే సార్ అంది. పైన కట్టమంటే కడతానంది. ఆయన కోప్పడబోయి, సర్క్యులరును మళ్లీ ఒకటికి పదిసార్లు చదివి, చివరికి పైనే కట్టమన్నారు. వారం తిరిగేసరికి వేలు సొరకాయ పిందెలా తయారైంది. సంతకం పెట్టడానికి కుదరడం లేదు.

ఒక పొద్దున అబ్బులు దవాఖానా దగ్గర గేదె తాడు పట్టుకుని నిలబడి ఉండగా సోమయాజులు గారు వచ్చారు. ఒక్కరే వచ్చారు. చెయ్యి రుమాలు కింద దాచుకున్నారు. ఆయన ఉండేది క్వార్టర్సులో. పశువు లేదు. కాసేపు వాతావరణం గురించి మాట్లాడి, చివరికి, ఒక్కసారి నీ గేదె నంబరు వాడుకోవచ్చునా అని అడిగారు.

అబ్బులుకి ఆయన్ని చూస్తే మొదట పెరట్లో కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. తరవాత రుమాలు కింద ఎత్తుగా ఉబ్బిన ఆ వేలు చూశాడు. లోపల ఎలా ఉంటుందో అతనికి తెలుసు. తాడు ఇవ్వబోయి, ఆగి, కాస్త ఇబ్బందిగా, "గేదెకి అభ్యంతరం లేదండి. కాకపోతే దీని కాళ్లు నాలుగూ అయిపోయాయండి. దానిదోటి, నాదోటి, కొట్టువాళ్లవి రెండు. ఒక కాలు మీద రెండు పుళ్లు రాస్తే కంప్యూటరు ఒప్పుకోదంట. ఇంక కొమ్ములూ తోకా మిగిలాయండి" అన్నాడు.

సోమయాజులు గారు ఆలోచనలో పడ్డారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన ఇటువంటి నిర్ణయం తీసుకోలేదు.

"తోక నా హోదాకు తగినది కాదు. కుడి కొమ్ము అని నమోదు చేయించవలసినది" అన్నారు.

కాంపౌండరు అలాగే కొట్టాడు. కంప్యూటరు కాసేపు తిరిగి ఆగింది. అతను తెర మీదికి వంగి చదివి, కొమ్ముకి ఇందులో ఒకటే వైద్యం ఉందండి, మొదలంటా కోసెయ్యడం అన్నాడు.

సోమయాజులు గారు తన వేలు వంకా, లోపల బల్ల మీద కడిగి పెట్టిన రంపం వంకా చూశారు.

"తోకే రాయండి" అన్నారు.